నడుం నొప్పికి ఫిజియోథెరపీ: తిరుత్తణి, తిరువళ్లూరు సీమ నుంచి ఒక సమీక్ష

తిరుత్తణి నుంచి చెన్నైకి లోకల్ రైల్లో రెండు గంటలకు పైనే పడుతుంది. సీటు దొరికితే కూర్చొని, దొరక్కపోతే కడ్డీ పట్టుకొని నిలబడి, పొద్దున ఒక విడత, రాత్రి ఒక విడత ఆ ప్రయాణం చేసేవాళ్లు ఎందరో. రైలెక్కని వాళ్లకు పొదటూరుపేట, అమ్మయ్యరుకుప్పం వైపు మరమగ్గాల షెడ్లున్నాయి. తిరువాలంగాడు సహకార చక్కెర మిల్లుకు చెరకు పంపే తోటలున్నాయి. తిరువళ్లూరు చుట్టుపక్కల ఇటుక బట్టీలున్నాయి, వరి మళ్లున్నాయి. పని ఏదైనా భారం పడేది నడుం మీదే. నలభై దాటిన నేతగాడిని గానీ, ముప్పైలో ఉన్న బాలింతను గానీ, బండి మీద చెన్నై-తిరుపతి రోడ్డు పట్టి తిరిగే సేల్స్ కుర్రాడిని గానీ అడిగి చూడండి. నడుం పట్టుకోవడం తెలియని మనిషి కనబడడు.

ఇది ఈ సీమకే పరిమితమైన బాధ కాదు. ప్రపంచ వ్యాధి భార అధ్యయనం లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారు. 2050కి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. ప్రాణం తీయకుండానే మనిషిని పనికి దూరం చేసే జబ్బుల్లో 1990 నుంచీ మొదటి స్థానం దీనిదే. మన దేశపు అధ్యయనాలను పోగుచేసి 2022లో వెలువరించిన ఒక సమీక్ష, జీవితంలో ఒక్కసారైనా నడుం నొప్పి పడినవాళ్లు 66 శాతమని తేల్చింది. ఆడవాళ్లలో, పల్లెల్లో, ఒళ్లు వంచి కష్టం చేసేవాళ్లలో ఈ బాధ ఎక్కువని కూడా చెప్పింది.

ఇంతమందికి ఉన్న నొప్పికి ఫిజియోథెరపీ ఏం చేయగలదు? వచ్చిన నొప్పిని తగ్గిస్తుందా, రాకుండా ఆపుతుందా? గత నలభై ఏళ్లలో దీని మీద జరిగిన పరిశోధన తక్కువేమీ కాదు. అందులోంచి తేలిన సారం ఒకటే. రోగిని పడుకోబెట్టి అతని ఒంటికి మనం చేసేవాటి వల్ల కలిగే మేలు కొంచెమే. రోగికి నేర్పి అతని చేత చేయించేవాటి వల్ల మేలు ఎక్కువ. మన ఊళ్లలో జరుగుతున్నది మాత్రం ఎక్కువగా దీనికి తిరగేసి ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందు నొప్పి ఎక్కడిదో చూడాలి. 1934లో బోస్టన్ శస్త్రవైద్యులు విలియం మిక్స్‌టర్, జోసెఫ్ బార్ ఒక ప్రసిద్ధమైన వ్యాసం రాశారు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు పగిలి నరాన్ని నొక్కడం వల్ల కాలు లాగే నొప్పి వస్తుందని అందులో చూపించారు. అది నిజమే. కానీ ఆ తర్వాత ప్రతి నడుం నొప్పికీ డిస్కే కారణమన్న నమ్మకం వైద్యుల్లోనూ జనంలోనూ స్థిరపడింది. ఎమ్మారై యంత్రాలు వచ్చాక అది మరీ బలపడింది. నొప్పి లేనివాళ్లకు ఎమ్మారై తీస్తే ఏం కనబడుతుందని 1994లో 98 మందిని పరీక్షించారు. సగం మందికి పైగా కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. 2015లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి, ఏ బాధా లేని 3,110 మంది స్కానింగులు లెక్కగట్టారు. ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్లకు అది 96 శాతం. జుట్టు నెరిసినట్టే వెన్నులోనూ వయసు కనబడుతుంది. ‘డిస్కు అరిగిపోయింది, ఎల్4-ఎల్5 ఉబ్బింది’ అని రిపోర్టులో చదువుకొని ఇక బరువు ఎత్తకూడదని, వంగకూడదని నిశ్చయించుకున్న మనిషికి ఈ అంకెలు ముందే చెప్పాలి. చెప్పేవాళ్లే కరువు.

నడుం నొప్పితో వచ్చే నూరు మందిలో సుమారు తొంభై మందికి ఫలానా చోట ఫలానా దెబ్బ అని వేలు పెట్టి చూపగల కారణం ఉండదు. కండరాలు, కీళ్లు, డిస్కులు, నిద్ర, పని ఒత్తిడి, భయం అన్నీ కలిసి తెచ్చే నొప్పి అది. మిగతా కొద్దిమందిని మాత్రం జాగ్రత్తగా ఏరి పక్కన పెట్టాలి. మూత్రం, విరేచనం అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం వేలాడిపోతున్నా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే మన దేశంలో వెన్నెముక క్షయను మరిచిపోకూడదు. క్యాన్సర్ చరిత్ర ఉన్నవాళ్లు, పడిపోయిన ముసలివాళ్లు, స్టీరాయిడ్ మందులు చాలాకాలం వాడినవాళ్లు కూడా ఈ జాబితాలోకే వస్తారు. నలభై లోపు వయసులో పొద్దున లేవగానే అరగంటకు మించి బిగుసుకుపోయి, తిరిగితే సర్దుకొని, పడుకుంటే పెరిగే నొప్పి అయితే అది కీళ్లవాతపు కుటుంబానికి చెందినది కావచ్చు. అలాంటప్పుడు రుమటాలజిస్టును చూడాలి. ఈ జల్లెడ పట్టకుండా నేరుగా వ్యాయామం మొదలుపెట్టించే ఫిజియోథెరపిస్టు మంచి ఫిజియోథెరపిస్టు కాడు.

ఈ సీమలో నడుం పట్టుకుంటే మొదట ఇంట్లో జరిగేది కాపడం. వేయించిన ఉప్పును గుడ్డలో మూట కట్టి కాచడం, వావిలాకు మరిగించిన నీళ్లు పోయడం, ఆముదం రాయడం. వేడి తగిలితే కొత్తగా వచ్చిన నొప్పి కొద్దిరోజుల పాటు తగ్గుతుందని పరిశోధన కూడా ఒప్పుకుంటోంది. చర్మం కాలనంతవరకు ఇంటి కాపడానికి అభ్యంతరం లేదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుం తొక్కిస్తే పట్టు వదులుతుందన్న నమ్మకం తెలుగు పల్లెలన్నిటా ఉంది. తొక్కించుకున్నవాళ్లు చాలామంది నాలుగైదు రోజుల్లో లేచి తిరుగుతారు. తొక్కించుకోనివాళ్లూ లేచి తిరుగుతారు. కొత్తగా వచ్చిన నడుం నొప్పి ఎక్కువమందికి కొద్ది వారాల్లో దానంతటదే తగ్గడం దాని స్వభావం. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ల నడుం మీద మాత్రం ఎవరూ కాలు మోపకూడదు, వెన్నుపూస నలిగిపోతుంది.

తిరుత్తణికి కొద్ది దూరంలో, ఆంధ్ర వైపున పుత్తూరు ఉంది. ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టుకు నూరేళ్లకు పైబడిన పేరుంది. చెన్నై వీధుల్లో కూడా ఆ పేరుతో బోర్డులు కనబడతాయి. విరిగిన ఎముకను కదలనివ్వకుండా పట్టి ఉంచాలన్న సూత్రం మీద ఆ వైద్యం నిలిచింది. నడుం నొప్పికి ఆ సూత్రం నప్పదు. ఇక్కడ విరిగినదేదీ లేదు, కదలకుండా కట్టేస్తే కండరాలు చచ్చుబడతాయి. ఎముక కట్టు మీద జనానికున్న గురి నడుం బెల్టు మీదికి కూడా పాకినట్టుంది. బెల్టు లేకుండా బయటికి అడుగుపెట్టని మనుషులు మన బస్సుల్లో, రైళ్లలో ఎందరో కనబడతారు.

మంచం పట్టి విశ్రాంతి తీసుకోవాలన్న సలహా కూడా ఇలాగే పాతబడి, ఇంకా పోలేదు. 1986లో అమెరికాలో 203 మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రెండు రోజులు, మరో గుంపుకు ఏడు రోజులు మంచంలో ఉండమని చెప్పారు. నొప్పి తగ్గడంలో తేడా లేదు. రెండు రోజుల వాళ్లు పోగొట్టుకున్న పనిదినాలు మాత్రం 45 శాతం తక్కువ. 1995లో హెల్సింకి నగరపాలక ఉద్యోగుల మీద జరిగిన ప్రయోగంలో మంచంలో పడుకున్నవాళ్ల కంటే, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకుంటూ పోయినవాళ్లే త్వరగా కోలుకున్నారు. రోజు కూలి మీద బతికే ఇంట్లో ఈ సంగతి ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఫిజియోథెరపీ గది. తిరువళ్లూరు, తిరుత్తణి వీధుల్లోని ఏ చిన్న క్లినిక్‌కు వెళ్లినా దాదాపు ఒకే తీరు. తెర కట్టిన మంచం, దాని పక్కన బల్ల మీద కరెంటు యంత్రం, దాని నుంచి వచ్చే తీగలకు తడి స్పాంజీలు లేదా పీల్చే కప్పులు, జిగురు పూసి తిప్పే అల్ట్రాసౌండ్ బుడిపె, నడుముకు పట్టీ కట్టి బరువులతో లాగే ట్రాక్షన్ బల్ల. రోగి ఇరవై నిమిషాలు పడుకొని, చిమచిమలాడించుకొని, డబ్బు కట్టి, రేపు రమ్మంటే వస్తాడు. పది సిట్టింగులు, పదిహేను సిట్టింగులు అని ముందే మాట్లాడుకోవడం కూడా ఉంది. యంత్రం పెట్టకపోతే వైద్యం జరిగినట్టు రోగికే తోచదు.

“ఏం సారూ, ఈపొద్దు కరెంటు పెట్టరా?”

“పెట్టను పెద్దమ్మా. ఈరోజు మీరు పీట మీది నుంచి ఎట్లా లేస్తారో చూస్తాను.”

“చూసేదానికా ఇంత దూరం వచ్చింది?”

ఏ ఫిజియోథెరపీ గదిలోనైనా వినబడే సంభాషణ ఇది. ఆ పెద్దమ్మ అడగడంలో తప్పేమీ లేదు. ఇన్నేళ్లూ ఆమెకు దొరికింది కరెంటే.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మూడు నెలలు దాటిన నడుం నొప్పికి ఆపరేషన్ లేని చికిత్సల మీద మొదటిసారిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. వ్యాయామ కార్యక్రమాలు, నొప్పి గురించి రోగికి వివరించి చెప్పడం, మర్దన, నిపుణుల చేతి చికిత్స, సూదుల చికిత్స (ఆక్యుపంక్చర్), ఆలోచనా ధోరణిని మార్చే మానసిక చికిత్సల వంటివి వాడవచ్చని అంది. మామూలుగా వాడవద్దని చెప్పినవాటిలో అల్ట్రాసౌండ్ ఉంది, చర్మం మీద నుంచి కరెంటు పంపే టెన్స్ ఉంది, ట్రాక్షన్ ఉంది, నడుం బెల్టు ఉంది. మన క్లినిక్‌లలో ఎక్కువగా కనబడే ఐఎఫ్‌టీ (ఇంటర్‌ఫరెన్షియల్ కరెంటు) యంత్రం కూడా టెన్స్‌కు దగ్గరి చుట్టమే, దాని వెనక ఉన్న ఆధారమూ బలహీనమే. అంటే మన వీధి క్లినిక్‌లలో సగం స్థలం ఆక్రమించిన సామాను, ఆధారాల తూకంలో తేలిపోయింది. ఫిజియోథెరపిస్టులను నిందించడానికి ఈ మాట అనడం లేదు. యంత్రం అప్పు చేసి కొంటారు, అప్పు తీరాలంటే యంత్రం తిరగాలి. వ్యాయామం నేర్పడానికి ముప్పావుగంట మాట్లాడితే అంతకు సరిపడా రుసుము ఇచ్చేవాళ్లు తక్కువ. అయినా చెప్పక తప్పదు. దూరం నుంచి బస్సు చార్జీ పెట్టుకొని, రోజు కూలి వదులుకొని వచ్చిన మనిషికి పదిహేను రోజుల కరెంటు అమ్మడం ఆ మనిషికి అన్యాయం.

వ్యాయామంలో కూడా చాలాకాలం పేచీలు నడిచాయి. 1930లలో అమెరికా వైద్యుడు పాల్ విలియమ్స్ నడుమును ముందుకు వంచే వ్యాయామాలు ప్రచారం చేశాడు. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు క్లినిక్‌లో, కాలు లాగే నొప్పితో వచ్చిన ఒక రోగి తల వైపు పైకి లేపి ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకుండిపోయాడు. వెన్ను వెనక్కి విల్లులా వంగి ఉంది. మెకెంజీ గదిలోకి వచ్చి చూసేసరికి అతని కాలి నొప్పి తగ్గిపోయింది. వెనక్కి వంచే పద్ధతి అక్కణ్ణుంచి పెరిగింది. 1990లలో ఆస్ట్రేలియా పరిశోధకులు నడుం నొప్పి ఉన్నవాళ్లలో పొట్ట లోపలి పొరలోని కండరం సమయానికి బిగుసుకోవడం లేదని కనుగొన్నాక ‘కోర్’ వ్యాయామాల గాలి వీచింది. ఒక్కొక్కరూ తమదే దారి అన్నారు.

2021లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామం మీద జరిగిన 249 ప్రయోగాలను పోగుచేసి చూసింది. ఏ వ్యాయామమూ చేయనివాళ్లతో పోలిస్తే చేసినవాళ్లకు నొప్పి నూటికి సుమారు 15 పాయింట్లు తగ్గింది. అరవై ఉన్న నొప్పి నలభై అయిదుకు దిగిందన్నమాట. పనులు చేసుకునే శక్తిలో మెరుగుదల ఇంకా తక్కువ, నూటికి ఏడు పాయింట్ల దరిదాపు. వేరే చికిత్సలతో పోల్చినప్పుడు తేడా మరింత చిన్నది. ఇది అద్భుతం కాదు. అద్భుతమని చెప్పి మొదలుపెట్టిస్తే రోగి రెండో వారంలోనే మానేస్తాడు. కానీ నొప్పి మాత్ర మానగానే పోయే మేలు కాదిది, చేసినంతకాలం ఉంటుంది. పైగా షుగరు, రక్తపోటు, మోకాళ్లు, నిద్ర అన్నిటికీ పనికొస్తుంది. ఏ రకం వ్యాయామం మేలన్న పేచీ కూడా చాలావరకు సద్దుమణిగింది. రకాల మధ్య తేడా స్వల్పం. రోగికి నచ్చి, అతని ఇంట్లో, అతని పనిపాట్ల మధ్య వదలకుండా చేయగలిగినదే అతనికి సరైన వ్యాయామం. యోగా కూడా ఈ కోవలోకే వస్తుంది.

చేయించడం ఎలాగో ఒక ఉదాహరణ చూద్దాం. నాట్లు వేసే యాభై అయిదేళ్ల ఆమె అనుకోండి. మొదటి రోజు ఆమెను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, పాదాలు నేలకు ఆనించి పిరుదులు పైకెత్తమంటారు. ఊపిరి బిగపట్టకుండా అయిదు లెక్కపెట్టేదాకా ఉంచి దించాలి. ఆరేడు సార్లు చాలు. తర్వాత చేతులు, మోకాళ్ల మీద ఆవులా నిలిచి కుడి చెయ్యి, ఎడమ కాలు చాచడం. ఆ తర్వాత పీట మీద నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. పీట ఎత్తు వారానికొకసారి తగ్గిస్తారు. మూడో వారంలో ఖాళీ బిందె పట్టుకొని తుంటి దగ్గర వంగి లేవడం, ఆపైన పావు బిందె, సగం బిందె, నిండు బిందె. చేసేటప్పుడు కొంచెం నొప్పి వస్తే భయం లేదు, మర్నాటి పొద్దుకు మామూలు స్థితికి దిగితే ఆ మోతాదు సరిపోయినట్టే. దిగకపోతే ఒక మెట్టు తగ్గించాలి, మానకూడదు. కాలు లాగే మనిషికైతే బోర్లా పడుకొని మోచేతుల మీద ఛాతీ ఎత్తి చూడమంటారు. పిక్కలోని నొప్పి తొడకు, తొడది నడుముకు ఎగబాకితే మంచి గుర్తు. పాదం వైపు జారితే ఆ కదలిక ఆ మనిషికి పనికిరాదు.

పైన రాసినదంతా మాటతో జరిగే వైద్యం. యంత్రానికి భాష అక్కర్లేదు, దీనికి కావాలి. 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తాలూకా తిరుత్తణి. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగాదాను తేల్చిన పటాస్కర్ తీర్పు మీద మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట, ఊత్తుకోట వైపు ఎన్నో పల్లెల్లో ఇంటి మాట ఇప్పటికీ తెలుగే. పిల్లలు బడిలో తమిళం చదువుకుంటారు, మందుల చీటీ ఇంగ్లీషులో వస్తుంది. బడికి వెళ్లని అవ్వలు, అత్తలు మాత్రం నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పాకిందో తెలుగులోనే చెప్పుకోగలరు. ఫిజియోథెరపిస్టుకు తెలుగు వస్తే నొప్పి కథ మొత్తం వింటాడు, రాకపోతే వేలితో చూపించిన చోట కరెంటు పెడతాడు. వ్యాయామాల కాగితం బొమ్మలతో, తెలుగులో, తమిళంలో రెండు వైపులా అచ్చేసి ఇవ్వడానికి పెద్ద ఖర్చు కాదు. నా దృష్టిలో ఈ సీమలో ఒక కొత్త యంత్రం కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది.

భయం గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. సిజేరియన్ అప్పుడు నడుముకు సూది వేశారు, అప్పటి నుంచీ ఈ నొప్పి అని చెప్పని తల్లి మన ఊళ్లలో అరుదు. సూది వేసిన చోట కొద్దిరోజులు సలుపు ఉండడం నిజమే. ప్రసవ సమయంలో వెన్ను దగ్గర మత్తుమందు తీసుకున్నవాళ్లనూ తీసుకోనివాళ్లనూ నెలల తరబడి గమనించి చూస్తే, దీర్ఘకాలపు నడుం నొప్పిలో తేడా లేదని ప్రయోగాలు చూపించాయి. తొమ్మిది నెలలు సాగి వదులైన పొట్ట కండరాలు, నిద్ర లేని రాత్రులు, వంగి పసిబిడ్డను ఎత్తడం, నెలల తరబడి నడవనివ్వని బాలింత కట్టుబాట్లు అసలు కారణాలు. సూదిని తప్పు పట్టినంతకాలం ఆ తల్లి తన నడుము శాశ్వతంగా చెడిపోయిందనుకుంటుంది. అలా అనుకున్నవాళ్లు కదలడం తగ్గిస్తారు, కదలిక తగ్గితే నొప్పి ముదురుతుంది. 2011లో ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయం 851 మంది రోగులతో ఒక ప్రయోగం చేసింది. చిన్న ప్రశ్నావళితో ఎవరికి భయం, దిగులు ఎక్కువగా ఉన్నాయో ముందే ఏరి, వాళ్లకు తగిన సాయం చేస్తే ఫలితం మెరుగ్గా, ఖర్చు తక్కువగా ఉంది. ఆస్ట్రేలియాలో 2023లో వెలువడిన మరో ప్రయోగంలో, భయపడి మానేసిన కదలికలనే మెల్లగా తిరిగి చేయించే పద్ధతికి ఏడాది తర్వాత కూడా మేలు నిలిచింది. ‘నీ వెన్ను బలమైనదే, వంగడానికే పుట్టింది’ అని ఫిజియోథెరపిస్టు నోటి నుంచి వచ్చే మాట కూడా చికిత్సలో భాగమే.

మందుల సంగతి క్లుప్తంగా. 2014 నాటి పెద్ద ప్రయోగంలో కొత్తగా వచ్చిన నడుం నొప్పికి పారాసిటమాల్, ఉత్తుత్తి మాత్ర ఒకేలా పనిచేశాయి. 2023లో నల్లమందు కుటుంబపు మాత్రలూ అంతేనని తేలింది. వాపు తగ్గించే మాత్రలు కొద్దిగా పనిచేస్తాయి, కడుపుకు, మూత్రపిండాలకు చేటు ఉంది గనుక మందుల షాపులో నోటిమాటగా కొనుక్కొని నెలల తరబడి మింగకూడదు. డిస్కు జారి నరం నొక్కుకున్నవాళ్లలో కూడా చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. బాగా బయటికి వచ్చిన డిస్కు ముక్కలే ఎక్కువగా కరిగిపోతాయన్నది వింతగా తోచే నిజం. కాలు బలం తగ్గుతూ ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

పెద్ద వైద్యం కావలసినప్పుడు ఈ సీమ వాళ్లు చెన్నైకో రాయవేలూరుకో వెళ్తారు. రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు పునరావాస వైద్యంలో గొప్ప చరిత్ర ఉంది. 1954లో ప్రమాదంలో వెన్ను దెబ్బతిని రెండు కాళ్లూ చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకొని వచ్చారు. ఆమె చేతుల మీదుగా 1966లో ఊరి శివారు బాగాయంలో పునరావాస కేంద్రం వెలిసింది. వెన్ను విరిగిన మనిషికి మళ్లీ స్నానం చేయడం, వండుకోవడం, కుర్చీ తోసుకోవడం నేర్పే చోటు అది. దేశంలో తొలి ఫిజియోథెరపీ బడి కూడా పోలియో ఉప్పెన తర్వాతే 1950ల మొదట్లో బొంబాయిలో మొదలైంది. నేర్పించడమే పునాదిగా పుట్టిన వృత్తి ఇది.

ప్రభుత్వం వైపు చూస్తే రెండు ఆశలున్నాయి. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో ప్రారంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద షుగరు, బీపీ మందులతో పాటు ఫిజియోథెరపీ కూడా ఇంటి గుమ్మం దాకా వస్తోంది. 2024లో దానికి ఐక్యరాజ్య సమితి పురస్కారం దక్కింది. బ్లాకుకు ఒక ఫిజియోథెరపిస్టు దాని ఏర్పాటు. తిరువళ్లూరు జిల్లాలో 14 బ్లాకులు. ఒక్క మనిషి బ్లాకంతా తిరిగి పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లను చూసుకోవాలి గనుక, నడిచి తిరుగుతున్న నడుం నొప్పి రోగి వంతు రావడం కష్టం. ఒక్కొక్క ఇంటికీ వెళ్లే బదులు వారానికి ఒక పూట పల్లెలో పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి నేర్పితే ఆ ఒక్క మనిషి శ్రమే పది రెట్లు పనికొస్తుంది. గుంపులో నేర్చుకున్న వ్యాయామమూ పనిచేస్తుందని ప్రయోగాలున్నాయి. రెండోది, 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం. అంతవరకూ దేశం మొత్తానికీ ఫిజియోథెరపీకి ఒక నియంత్రణ మండలి లేదు. చదువు లేకుండా యంత్రం కొని కూర్చున్నవాళ్లను, వేడి మంచం మీద ఉచితంగా పడుకోబెట్టి చివరికి ఆ మంచాన్నే అమ్మజూపేవాళ్లను జనం ఫిజియోథెరపిస్టులనే అనుకుంటున్నారు. చికిత్సకు ముందు ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ చదివారా అని అడగడం రోగి హక్కు.

నివారణ విషయంలో మన నమ్మకాలు ఎక్కువ దెబ్బ తింటాయి. నడుం వంచకు, మోకాళ్లు వంచి ఎత్తు అని అందరం చెబుతాం. అమెరికాలో సుమారు నాలుగు వేల మంది తపాలా ఉద్యోగులకు ఫిజియోథెరపిస్టుల చేత బరువులెత్తే పద్ధతి నేర్పించి, అయిదేళ్లకు పైగా గమనించి 1997లో ఫలితం ప్రకటించారు. నడుం నొప్పులు తగ్గలేదు. 2016లో నివారణ ప్రయోగాలన్నీ కలిపి చూస్తే బెల్టులు, చెప్పుల్లో పెట్టుకునే మెత్తలు, ఒట్టి ఉపదేశం ఏవీ పనిచేయలేదు. వ్యాయామం ఒక్కటే నొప్పి వచ్చే అవకాశాన్ని 35 శాతం తగ్గించింది. వ్యాయామానికి నొప్పి గురించిన అవగాహన కూడా తోడైతే 45 శాతం. ఒట్టి వ్యాయామంతో వచ్చిన లాభం ఏడాది దాటాక నిలవలేదు. బహుశా చేయడం మానేసినందువల్లే కావచ్చు.

ఒకసారి తగ్గిన నడుం నొప్పి పదిమందిలో ఏడుగురికి ఏడాదిలోపే తిరగబెడుతుంది. దాన్ని ఆపడానికి అతి చవకైన దారిని 2024లో సిడ్నీ పరిశోధకులు చూపించారు. నొప్పి నుంచి ఈమధ్యే కోలుకున్న 701 మందిలో కొందరికి ఫిజియోథెరపిస్టు ఆరు నెలల్లో ఆరుసార్లు కలిసి, మెల్లగా పెంచుకుంటూ వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట నడిచేలా చేశాడు. ఏమీ చెప్పని గుంపులో నొప్పి తిరిగి రావడానికి మధ్యస్థంగా 112 రోజులు పడితే, నడిచినవాళ్లకు 208 రోజులు పట్టింది. మన దగ్గర దీన్ని అమలు చేయడానికి యంత్రం అక్కర్లేదు. చెరువు గట్టు చాలు. తిరుత్తణి కొండకు 365 మెట్లు. నడుం నొప్పి ఉందని ఏళ్ల తరబడి బండి దారినే పైకి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. నెలన్నర పాటు నడిచి, పీట వ్యాయామం చేసిన మనిషి మొదట యాభై మెట్లు, తర్వాత నూరు మెట్లు ఎక్కడం మొదలుపెట్టవచ్చు. ఆడికృత్తికకు కావడి భుజాన పెట్టుకోవాలనుకునేవాళ్లు కూడా ఆ ముందు రెండు నెలలు ఇలాగే సిద్ధం కావచ్చు.

అయితే మరమగ్గం షెడ్డులో పన్నెండు గంటలు నిలబడే మనిషికి, చెరకు కోసే కూలీకి ఇంకా వ్యాయామం చెయ్యమనడం న్యాయమేనా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పనిలో పడే శ్రమ వేరు, వ్యాయామం వేరు. పనిలో ఒకే కండరం ఒకే తీరున, విరామం లేకుండా అలుస్తుంది. దానికి మందు చాలావరకు షెడ్డు యజమాని చేతిలోనే ఉంది. తెగిన పోగు అతికేందుకు రోజంతా వంగే ఎత్తులో మగ్గం ఉంటే దాన్ని కొంచెం ఎత్తు చేసి సర్దవచ్చు. గంటకోసారి అయిదు నిమిషాలు కూర్చునే బల్ల పెట్టవచ్చు. ఒక్కొక్కరికి అప్పగించే మగ్గాల సంఖ్య తగ్గించవచ్చు. బట్టీలో తలకెత్తే ఇటుకల లెక్క తగ్గించి కూలి తగ్గించకుండా ఉండవచ్చు. ఆంధ్ర వైపు నగరిలోనో, పొదటూరుపేటలోనో ఉన్న షెడ్లలోకి ఒక ఫిజియోథెరపిస్టు వెళ్లి ఒక పూట నిలబడి పని చూస్తే, క్లినిక్‌లో పది రోజుల్లో తెలియనిది తెలుస్తుంది. ఇలా వెళ్లి చూడడం ఫిజియోథెరపీ చదువులో ఉన్నదే. వెళ్లమని పంపేవాళ్లు, ఆ పూటకు రుసుము కట్టేవాళ్లు ముందుకు రావాలి. మర నేత సహకార సంఘాలు ఆ పని మొదలుపెట్టగలవు.